గడగడలాడే ఫ్యాను

"ఆగు నాయనా, ఆ నట్టు ముట్టుకోకు!" అంటూ అత్తగారు పార్కులోకి పరుగులాంటి నడకతో వచ్చింది.

చెత్త తగ్గించాలని ఏటా వసంతంలో ఊరంతా కలిసి జరుపుకునే 'పారేయొద్దు, బాగుచేద్దాం' మేళా అది. కొత్త కోడలు తెచ్చిన టేబుల్ ఫ్యాన్‌ని మెకానిక్ అప్పుడే విప్పబోతున్నాడు.

"మీకోసమే తెచ్చానత్తయ్యా. రాత్రంతా అలా గడగడమంటుంటే మీకు నిద్రెలా పడుతుంది?" అంది కోడలు బెదురుగా.

"నాకు బాగానే పడుతుంది. పద ఇంటికి."

"ఒక్క నట్టు బిగిస్తే చాలమ్మా. ఇక చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది" అన్నాడు మెకానిక్.

"అదే వద్దంటున్నా!" అని ఆవిడ కోడలి చెవి దగ్గరికి వంగింది. "పిచ్చిమొహమా, మన గదుల మధ్య ఉన్నది గోడా? పల్చటి చెక్క. నేను వింటానేమోనని నువ్వూ అబ్బాయీ నోరు కట్టేసుకుని కూర్చుంటున్నారని, ఆ నట్టు నేనే వదులు చేశా."

కోడలి మొహం కందిపోయింది. మరుక్షణం నవ్వాపుకోలేక, ఇన్నాళ్ళూ ఎదురుపడాలంటేనే భయపడ్డ అత్తగారి భుజం మీద తల వాల్చేసింది.

"ఇంతకీ బాగుచెయ్యమంటారా, వద్దా?" అన్నాడు మెకానిక్, ఏమీ అర్థంకాక.

"వద్దులే అన్నా," అంది కోడలు. "మా ఇంట్లో ఇది బాగానే పనిచేస్తోంది."