మోచేతి కీలు

బాడిసె బాబాయి మీద డాక్టరమ్మకు ఒళ్ళు మండడం ఇది నాలుగోసారి. ముప్పై ఏళ్ళుగా తలుపులూ కిటికీలూ చేస్తున్న వడ్రంగికి, అరచేతిలో పట్టే మోచేయి చెక్కడం చేతకాకపోవడమేమిటి?

"రెండు ముక్కలు చేసి మేకు కొట్టుకొచ్చారే," అంది, చెక్క నమూనాను మెడికల్ కాలేజీ ప్రయోగశాల బల్లమీద పడేసి.

"కీలంటే రెండు ముక్కలే కదమ్మా. తలుపొకటి, గుమ్మమొకటి."

"మొదటిసారి కీలు కావాలంటే బజారునుంచి ఇత్తడి కీలు తెచ్చారు. నవ్వుకున్నాం. తర్వాత మోచేయి అంటే మోకాలు తెచ్చారు. ఆ తర్వాత ఎడమచెయ్యి అంటే కుడిచెయ్యి. ఎల్లుండే పిల్లలకు పాఠం. ఇక మీరు రావద్దు బాబాయ్. మిషన్ మీద ప్లాస్టిక్‌ది పోయించుకుంటాను."

బాబాయి తన సంచి దగ్గరికి లాక్కున్నాడు. ఈ పనికి ఆయన్ను ఎవరూ పిలవలేదు. తనే వెతుక్కుంటూ వచ్చి అడిగి పుచ్చుకున్నాడు.

"ఇంకొక్కసారి చూపించండమ్మా. ఇదే ఆఖరు."

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా పని," అని గొణుక్కుంటూనే ఆమె కంప్యూటర్ తెరిచింది. ఈలోగా బాబాయి కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కున్నాడు.

"చూడ్డానికి చేతులెందుకండీ? కళ్ళు కడుక్కోండి."

"రంపప్పొట్టమ్మా," అన్నాడు. జేబులోంచి మడత కాగితం తీసి, తెరమీద మూలనున్న ముప్పై ఒకటో నంబరు వంక ఒకసారి, కాగితం వంక ఒకసారి చూసి మళ్ళీ మడిచాడు. కొలతలు కాబోలు అనుకుంది ఆమె.

తెరమీద చిన్న చెయ్యి మెల్లగా తిరిగింది. మందునీళ్ళలో గాజులా తేటపరిచి, పొరపొరకూ వెలుగు పంపి తీసిన వేల ఫొటోలు కలిస్తే ఆ చెయ్యి అయింది. ఎముక కావలసినది నీలం, కండ ఎరుపు.

"మొదట ఇదంతా ఒకటే పుల్ల. మెత్తటి పంగలపుల్ల. వంగాల్సిన చోట గీత పడుతుంది. ఆ గీతే సందవుతుంది. రెండు తెచ్చి అతికించడం కాదు బాబాయ్, ఒక్కటే విడివడడం."

"ఆ సందు మళ్ళీ పూడుకుపోదా?"

"కదలకపోతే పూడుకుపోతుంది. వాడని తలుపు కీలు బిగుసుకుపోదూ, అలాగే."

"మరి ఇది కదిలిందా?"

"నిన్నా అడిగారు, మొన్నా అడిగారు."

"చెప్పండమ్మా."

"కదిలింది. ఈ చివర చూడండి, ఎంత నున్నగా గుండ్రం తిరిగిందో. కదలకపోతే ఆ నునుపు రాదు."

"వాళ్ళమ్మకు తెలిసుంటుందా?"

"ఇంత చిన్నప్పుడు తల్లికి తెలియదు. బొటనవేలంత ఉంటుంది. కడుపు పోయాక ఆ తల్లే రాసిచ్చింది, చదువుకి పనికొస్తుందని. ఎవరో మాకు తెలియదు. మాకు నంబరే, ఆమెకూ ఆ నంబరు చీటీయే."

బాబాయి తెర దగ్గరికి వేలు తీసుకెళ్ళి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. తర్వాత సంచిలో అడుగున చెయ్యిపెట్టి, పాత మెత్తటి గుడ్డలో చుట్టిందేదో తీసి బల్లమీద పెట్టాడు.

ఎడమ మోచేయి. అతుకు లేదు, మేకు లేదు, జిగురు లేదు. ఒకే పుల్లలోంచి తొలిచి విడదీసింది. డాక్టరమ్మ చిటికెనవేలితో తాకితే మెత్తగా వంగింది.

ఆమె దాన్ని చాచి, మళ్ళీ వంచి చూసింది. "ఎప్పుడు చేశారిది?"

"మొదటి వారమే."

"మరి ఆ మోకాలూ, ఆ కుడిచెయ్యీ?"

"సరైంది ఇచ్చేస్తే మళ్ళీ ఎందుకు చూపిస్తారమ్మా?"

పని మీద ఇంత పిచ్చి ఉన్న మనిషిని మాటలన్నానే అని ఆమె నొచ్చుకుంది.

"ఆ ఫొటో ఒకటి ఇప్పించండి," అన్నాడు బాబాయి. "ఇంట్లో చూపిస్తాను."

"అదెంత భాగ్యం." ఆమె ఫొటో తీసిచ్చి, తీసుకున్నట్టు రాయమని రిజిస్టరు ముందుకు తోసింది. వార్డుల్లో వాడే రిజిస్టరే అక్కడా వాడుతున్నారు. బాబాయి పెన్ను పట్టుకుని, మూడో తరగతిలో బడి మానేసిన చేత్తో ఒక్కో అక్షరమూ చెక్కినట్టు రాశాడు. ఫొటోను చొక్కా లోపల పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. నంబరు ముప్పై ఒకటి. వయసు పదకొండు వారాలు. పొడవు నలభై ఒక్క మిల్లీమీటర్లు. అన్నీ తన రాతే. ఆ పక్కన, ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ నింపని గడి ఒకటుంది: 'ఏమవుతారు?'

అందులో వంకర అక్షరాలు రెండు: తాత.