మూడో మలుపు

వాన వెలిసింది. రేపటి రేసులో ఎవరి కారు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్ ఆఖరి నిమిషాల్లో ఉంది. అన్న టైము పట్టికలో అందరికన్నా పైనుంది. దాన్ని కొట్టగలిగినవాడు ఒక్కడే: వేరే టీము కారులో వెనకాలే దూసుకొస్తున్న తమ్ముడు.

"మూడో మలుపు పూర్తిగా ఆరిపోయింది, బ్రేకు అక్కర్లేదు," అని రేడియోలో తన ఇంజనీరుకు చెప్పాడు అన్న. ఒకరి రేడియో ఒకరు వినడం ఆ వృత్తిలో తప్పు కాదు, బతుకుతెరువు.

ఆ వెంటనే ఎర్రజెండా లేచింది. తమ్ముడి కారు మూడో మలుపులో జారి, గోడకు కొట్టుకుని నుజ్జయింది. పోటీ అక్కడితో ఆపేశారు. మొదటి స్థానం అన్నదే.

అన్న హెల్మెట్ తీసేసి స్ట్రెచర్ దగ్గరికి పరుగెత్తాడు.

"కాళ్లు ఉన్నట్టే తెలియట్లేదు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "అక్కడ నీళ్లు నిలిచే ఉన్నాయి. నమ్మొద్దనే చెప్పాడు మా ఇంజనీరు. ట్రాకెక్కాక తోడబుట్టినవాడైనా పరాయివాడేనన్నాడు. నోర్మూసుకోమన్నా. ఇంకెవడు చెప్పినా బ్రేకు కొట్టేవాణ్ణే. చెప్పింది నువ్వు కాబట్టి కళ్లు మూసుకుని తొక్కేశా."

అన్న వంగి, తమ్ముడి నుదుటి మీది జుట్టు మెల్లగా పక్కకు నిమిరాడు.

"తెలుసురా," అన్నాడు. "అందుకేగా చెప్పింది."