దొరకలేదు

"ఆ ముక్క తీసేస్తే మాత్రం నేనొప్పుకోను," అంది లైబ్రేరియన్.

వెబ్‌సైటు డిజైనరు తల పట్టుకున్నాడు. పన్నెండింటికి ప్రిన్సిపాల్ వచ్చి మీట నొక్కితే కాలేజీ లైబ్రరీకి కొత్త సైటు మొదలవ్వాలి. గంట కూడా లేదు. రంగులకీ బొమ్మలకీ అక్షరాల సైజుకీ వారం రోజులుగా బుద్ధిగా తలూపిన మనిషి, తీరా ఇప్పుడు ఒక్క మాట దగ్గర భీష్మించుకు కూర్చుంది. ఆ మాట 'దొరకలేదు'.

"మేడం, వచ్చినవాళ్ళని ఉత్త చేతుల్తో పంపకూడదు. మీ పాత సైటులో పుస్తకం వెతికితే నూటికి ముప్పై మందికి 'దొరకలేదు' అనే వస్తోంది. నాది ఆ మాటే అనదు. ఏం కొట్టినా దానికి దగ్గర్లో ఉన్న పుస్తకం ఏదో ఒకటి చూపిస్తుంది."

"ఏదీ, 'నత్తి ఉంటే లాయరు కావచ్చా' అని కొట్టు బాబూ."

కొట్టాడు. రెప్పపాటులో జవాబొచ్చింది. 'నత్తల పెంపకం', రెండో అంతస్తు, ఎడమవైపు.

డిజైనరు గబుక్కున ఆ జవాబు చెరిపేశాడు. "అయినా అలాంటివి ఎవరు కొడతారు మేడం?"

"రా, చూద్దువుగాని."

పత్రికల గది వెనక వరసగా నిలువెత్తు బీరువాలున్నాయి. ఆవిడ ఒక పుస్తకం తీసి అట్ట తిప్పింది. అది నత్తితోనే కోర్టులో వాదించి నెగ్గిన ఓ వకీలు స్వయంగా రాసుకున్నది. లోపల అంటించిన చీటీ మీద ఒక తేదీ, దాని కింద ఆవిడ చేతిరాతలో అదే ప్రశ్న.

"దొరకలేదన్న ప్రతి మాటనీ కంప్యూటరు రాసిపెడుతుంది. ఎవరు కొట్టారో చెప్పదు, ఏం కొట్టారో చెబుతుంది. పొద్దున్నే రాగానే ఆ జాబితా చూస్తా. మన దగ్గర లేనిది ఎక్కడున్నా తెప్పిస్తా. వాళ్ళు మళ్ళీ అదే మాట కొడితే ఈసారి పుస్తకం కనిపిస్తుంది. ఏదో ఒకటి అంటగట్టి పంపేస్తే, వాళ్ళకేం కావాలో నాకెలా తెలుస్తుంది చెప్పు?"

అతను ఒక్కొక్క అట్టే తిప్పుతూ పోయాడు. 'మూడుసార్లు తప్పాను, లెక్కలు మొదట్నించి నేర్చుకోవాలి.' 'కాలిపోయిన మోటారు బాగుచేయడం.' 'గదిలో అందరూ పడుకున్నాక ఏడుపొస్తోంది, ఎందుకు.' కొట్టినవాళ్ళ అక్షరాల తప్పులు తప్పుల్లాగే ఉన్నాయి. ప్రతి చీటీ పక్కనా ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళిన తేదీలు. ఒక్కరైనా తీసుకెళ్ళని పుస్తకం అతనికి కనబడలేదు.

తను చెత్త అనుకుని ఊడ్చిపారేయబోయిన జాబితా ఇక్కడ అరలు అరలుగా నిలబడి ఉంది. ఇంత పెద్ద పని ఇంత చప్పుడు లేకుండా జరుగుతుందని అతనెన్నడూ అనుకోలేదు. ఈ మనిషికి సైటు ఎలా ఉండాలో నేర్పడానికా తను వచ్చింది? సిగ్గేసింది.

"ఎన్నుంటాయి మేడం?"

"రెండు వేలు దాటాయి."

అతను అక్కడే నేలమీద చతికిలబడి, ఒళ్ళో కంప్యూటరు తెరిచి, తీసేసిన మాటను మళ్ళీ పెట్టాడు. జాబితానూ యథాస్థానంలో ఉంచాడు. ఆవిడ ముఖం విప్పారింది.

"చల్లగా ఉండు బాబూ. లేచేటప్పుడు ఆ చివరి అరలో ఇది కూడా పెట్టెయ్. ఇందాకే వచ్చింది. ఎవరో పాపం, కాస్త తొందరపెట్టి తెప్పించాను," అంటూ కొత్త పుస్తకం ఒకటి అతని చేతికిచ్చి, ప్రిన్సిపాల్‌కి ఎదురెళ్ళింది.

అతను అలవాటుగా అట్ట తిప్పాడు. చీటీ మీద సోమవారం తేదీ. దాని కింద, పాత సైటు పనిచేస్తోందో లేదో చూద్దామని, ఎవరు చూడొచ్చారులే అని, ఆ రోజు అతను కొట్టిన మాటలు: 'వచ్చే నెల నాకు బిడ్డ పుడుతుంది. మా నాన్నలాంటి నాన్నని కాకుండా ఉండాలంటే ఏం చేయాలి?'