వెనకవైపు పేరు

అన్యాయం ఎవరికి జరిగింది? బెల్టులు అల్లి బతికే ఒక ఆడమనిషికి. ఎలా జరిగింది? ఆమె పనిచేసే తోలు సామాన్ల దుకాణంలో అద్దాల పెట్టెలో ఉండవలసిన వెండి బకిల్, చెవి విరిగిన గుర్రం బొమ్మది, ఒకనాడు కనిపించలేదు. యజమానురాలు పనివాళ్ళందరినీ వదిలి ఆమె సంచినే గుమ్మంలో, వీధంతా చూస్తుండగా బోర్లించింది. బకిల్ దొరకలేదు. అయినా "దొంగ" అన్న మాటను నెత్తిన పెట్టి మరీ పంపించింది.

ఆ యజమానురాలే ఈ రోజు తనంతట తాను ఆమె అల్లిక దుకాణం గడప తొక్కింది.

వీధిలో అందరూ అల్లికలక్క అని పిలిచే ఆమె చేతిలోని నైలాను తాళ్ళు వదలలేదు, లేచి నిలబడనూ లేదు.

"నా సంచి ఆ కొక్కేనికే ఉంది. కావాలంటే మళ్ళీ దులుపుకోండి," అంది.

పెద్దావిడ ఆ మాటను మింగింది. "మా అబ్బాయి రాజాకి బెల్టు కావాలి."

"కుమ్మరి ఇంట్లో కుండలు కరువయ్యాయా?"

"వాడి పొట్ట పొద్దున ఒక చిల్లు దగ్గర, భోజనమయ్యాక ఇంకో చిల్లు దగ్గర ఆగుతోంది. రెండింటి మధ్యా చిల్లు లేదని నా ప్రాణం తీస్తున్నాడు. నీ అల్లికలో బకిల్ ముల్లు ఎక్కడైనా దిగుతుందటగా?"

"దిగుతుంది. అల్లికను పొడవక్కర్లేదు. మనుషుల్ని పొడిచేవాళ్ళకు అది తోచదు గాని."

"గుర్రప్పందేల్లో పెట్టుకుంటాడట. నల్లటిది అల్లు. వెనక తెల్లగా 'రాజా' అని పేరుండాలి. నడుము ముప్పయ్యెనిమిది."

"అది ప్యాంటు మీది అంకె. కొనేవాణ్ణి సంతోషపెట్టడానికి కుట్టేవాడు రెండంగుళాలు మింగేస్తాడు. పైగా రెండక్షరాల పేరంటే ప్యాంటు వెనక బెల్టు దూర్చే మధ్య లూపుకు అటొకటి, ఇటొకటి పడాలి. కొలత తప్పితే అక్షరం లూపు కింద నలిగి చస్తుంది. ఆయన వాడే బెల్టు తెండి. బకిల్ మడత నుంచి అరిగిన చిల్లు దాకా కొలుస్తాను. నేను నమ్మేది అదొక్కటే."

"అంటే నా మాట నమ్మవా?"

"మీ మాట ఒకసారి పుచ్చుకున్నాను పెద్దమ్మగారూ. వాడుకోలేదు, పారెయ్యనూ లేదు. ఎప్పటికైనా తిరిగి ఇవ్వాలని దాచి ఉంచాను."

పెద్దావిడ విసురుగా వెళ్ళిపోయింది. ఇక ఈ గడప తొక్కదనే అనుకుంది అల్లికలక్క. కాని సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. ఎడమచేతిలో చుట్టిన తోలు బెల్టు ఉంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నడుముకున్నది విప్పరా అంటే విప్పలేదు. పొరుగూళ్ళకు పోయేటప్పుడు పెట్టుకునేది పెట్టె అడుగున కనిపిస్తే తెచ్చాను."

"దీని బకిల్ ఏదీ?"

"నా దగ్గరుంది. ప్రెస్ బటన్లతో ఊడొచ్చేదేగా. కొత్తదానికి నేనే పెడతాను."

అల్లికలక్క టేపు పరిచి కొలిచింది. "చిల్లు కొత్తగా సాగింది. ఈమధ్య కూడా పెట్టుకున్నట్టున్నారు."

"పెట్టుకున్నాడు. కన్నతల్లిని, నాకే తెలియలేదు."

"వెనక 'రాజా' అనేగా?"

పెద్దావిడ వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. తిరిగి వచ్చి, వంగి, చెవిలో చెప్పింది.

అల్లికలక్క చేతిలోంచి టేపు జారిపోయింది. "ఇది నేను అల్లాలా?"

"నువ్వే అల్లాలి. అక్షరాలు రెండే. నీ కొలత చెడదు."

"అయితే నాదొక షరతు. నా చేత్తో నేనే తొడుగుతాను. మీ గుమ్మంలో, నా సంచి బోర్లించిన చోట."

"సంతరోజున రా," అంది పెద్దావిడ. "జనం నిండుగా ఉంటారు."

సంతరోజున రాజా దుకాణం గుమ్మంలో, వీధికి ఎదురుగా, చేతులు బార్లా చాపి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఊరంతటికీ ఈవిడే దొరికిందా? ఈవిడ వెళ్ళాక నా జేబులు ఒకసారి తడుముకోవాలి!" అన్నాడు, నలుగురికీ వినబడేలా. నవ్వేవాళ్ళు నవ్వారు.

అల్లికలక్క తల దించలేదు. "తడుముకుందురుగాని బాబూ. ముందు ఆ పొట్ట వదలండి. కొలతప్పుడు లోపలికి లాగితే కూర్చున్నప్పుడు బెల్టు పగ తీర్చుకుంటుంది," అంది. ఈసారి వాళ్ళు అతన్ని చూసి నవ్వారు.

ఆమె వెనక నిలబడి ఒక్కో లూపులోంచి బెల్టును దూర్చింది. అక్షరాలు వెన్నెముకకు అటూ ఇటూ సరిగ్గా కుదురుకునేలా లాగి, అరచేత్తో సాపు చేసింది.

"పేరు బాగా కనిపిస్తోందా?" అన్నాడు రాజా.

"మీకు తప్ప అందరికీ కనిపిస్తుంది."

అప్పుడు పెద్దావిడ తన కొడుకు ఎదుటికి వచ్చి గుప్పిట విప్పింది. బెల్టు కొసన టక్కుమని బకిల్ బిగించింది. చెవి విరిగిన గుర్రం. ఆమె భర్త పందెంలో గెలిచి తెచ్చినది; నువ్వు కూడా గెలిచాకే ముట్టుకోవాలని కొడుక్కి ఆంక్ష పెట్టినది. వీధిలో దాన్ని ఎరగని పసిపిల్ల కూడా లేదు.

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"అమ్మా, ఇది... నీకెక్కడ దొరికింది?"

"నీ పెట్టె అడుగున. నీ బెల్టుకే."

రాజా తన నడుము వంక చూసుకున్నాడు. జనం వంక చూడలేకపోయాడు. ముఖం చెల్లక, లోపలికి పారిపోవడానికి గిరుక్కున వెనక్కి తిరిగాడు.

ఆనాడు ఇదే గుమ్మంలో తప్పు మనిషి నెత్తిన పెట్టిన మాట అసలు మనిషికి పైసలతో సహా చెల్లిపోవడం వీధి వీధంతా చూసింది. నల్లటి అల్లిక మీద, మధ్య లూపుకు అటొకటి, ఇటొకటి, తెల్లటి అక్షరాలు రెండు: దొంగ.