ఏడు చీటీలు

పనివాళ్లు కొనుక్కోగలిగే ఇళ్లు మా వీధి చివరి ఖాళీ జాగాలో కట్టాలని కమిటీలో ఏడుగురమూ గంటసేపు ఊదరగొట్టాం. "పేదోడికి గూడుండాలండీ!" అంటూ బల్ల చరిచిన అధ్యక్షుడికి కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

చివర్లో రహస్య ఓటింగ్. చీటీలు చదవడానికి బయటివాడైతే మంచిదని మలుపులో బట్టలు ఇస్త్రీ చేసే అతన్ని పిలిచాం. ఇంటికోసం మొదటి దరఖాస్తు అతనిదే. మా అందరి ఒంటి మీదా పొద్దున అతను ఇస్త్రీ చేసిన చొక్కాలే.

మొదటి చీటీ విప్పాడు. "వద్దు."

రెండోది. "వద్దు."

గొంతు తగ్గుతూ వచ్చింది గానీ ఏడో చీటీ దాకా మాట మారలేదు.

"అయ్యయ్యో, ఎవరండీ ఈ పని చేసింది?" అన్నాడు అధ్యక్షుడు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఛీ, మీరూ మనుషులేనా!" అని లేచి బయటికొచ్చేశాను.

ఇస్త్రీ అతను వెనకాలే వచ్చాడు. "మీరు బాధపడకండి మాస్టారూ. మీరు కట్టాలనే రాసుంటారు. కంగారులో నేనే ఒకటి తప్పు చదివుంటాను."

అతను ఒక్కటీ తప్పు చదవలేదు.