గోటికీ లివర్‌కీ ఏం సంబంధం

“గోటికి మందివ్వమంటే లివర్‌కి పరీక్ష రాస్తారేంటి డాక్టర్‌గారూ? గోటికీ లివర్‌కీ ఏం సంబంధం?” అన్నాడు బేకరీ మాస్టర్.

అడగాల్సిన ప్రశ్నే. అడగడానికి కారణమే వేరు.

అతని కుడిచేతి బొటనవేలి గోరు పచ్చబడి, లావెక్కి, అంచున పొడిపొడిగా రాలుతోంది. ఇరవయ్యేళ్లుగా రొట్టెల పిండి కలిపిన చెయ్యి అది. బన్నులు కొనడానికి వచ్చినావిడ ఆ గోరు చూసి, బన్నులు అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. ఆ రోజే యజమాని అతన్ని పిండి దగ్గర్నుంచి లేపి, రొట్టెలకు కవర్లు తొడిగే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మూడు నెలల్లో గోరు దారికి రాకపోతే వేరే మాస్టర్‌ని చూసుకుంటానని మర్యాదగానే చెప్పాడు.

పొయ్యి దగ్గర పనిచేసే స్నేహితుడు తన తామరకు వాడగా మిగిలిన మాత్రలు తెచ్చి జేబులో పెట్టాడు. చదువు లేకపోయినా వైద్యం చేసే మహానుభావులకు మన చుట్టూ ఏం కొదవ? మాస్టర్ ఆ మాత్రల్ని డాక్టరమ్మకు గర్వంగా చూపించాడు. ఆమె వాటిని తీసుకుని సొరుగులో పడేసింది.

“ఎవరి మాత్ర వాళ్లదే. ఎవరి ఒళ్లు వాళ్లదే,” అంది.

గోరు ముక్క పరీక్షకు పంపి, ఫంగసేనని తేల్చుకున్నాకే ఆమె మాత్రల సంగతి ఎత్తింది. ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని అడిగింది. ఈ మాత్ర కొందరికి లివర్ మీద దెబ్బ కొడుతుందని, అందుకే ముందు రక్తపరీక్ష అని చెప్పింది. వాడుతున్నప్పుడు ఆకలి చచ్చిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి తన దగ్గరికి రమ్మంది. చివర్లో, తాగే అలవాటుందా అంది.

పక్కనే భార్య కూర్చుని ఉంది. ఏడాది కిందట ఆమె చేతిలో చెయ్యి వేసి మానేశానని ఒట్టేశాడు. మళ్లీ తాగినట్టు తెలిస్తే పిల్లను తీసుకుని వెళ్లిపోతానని ఆమె అప్పుడే చెప్పింది. ఆమె అన్నదంటే చేస్తుంది. ఆ ఒట్టు వారానికి ఐదు రోజులు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మిగతా రెండు రోజులు పాపం, దానికీ సెలవు కావాలి కదా.

“అబ్బే, లేదండీ,” అన్నాడు.

“నాకు అబద్ధం చెప్పొచ్చు. లివర్ చెప్పదు,” అంటూ డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది.

ఇంట్లో ఒక బావమరిది ఉన్నాడు. నీళ్ల ఫిల్టర్లు అమ్ముతాడు, ఆరోగ్య సలహాలు ఊరికే ఇస్తాడు. కూల్‌డ్రింకు కూడా విషమంటాడు. రోజూ సాయంత్రం రెండు గంటలు వాకింగ్ చేసి, యాలక్కాయ నములుతూ ఇంటికొస్తాడు. మా తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి అని మాస్టర్ భార్య రోజుకోసారి అనకపోతే ఆమెకు తిన్నది అరగదు.

మర్నాడు పొద్దున్నే ఆ మేలిమి బంగారాన్నే తోడు తీసుకుని మాస్టర్ ల్యాబ్‌కి వెళ్లాడు. ఎవరూ ముట్టుకోకూడని తన స్కూటర్‌ని కూడా నెల రోజులు వాడుకోమని అతనికి ఇచ్చేశాడు. బావ పరగడుపున ఉన్నాడని బావమరిది కూడా కాఫీ ముట్టలేదు. ఆ ప్రేమ చూసి అక్క మురిసిపోయింది. తిరిగొచ్చాక తమ్ముడు ఆవురావురుమంటూ తిన్నాడు. మాస్టర్ మాత్రం ఆకలి లేదన్నాడు.

రెండు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

“ఇది ఎప్పుడో ఓసారి తాగే మనిషి లివర్‌లా లేదు. రోజూ తాగేవాళ్లకి ఉంటాయి ఇలాంటి అంకెలు.”

“రోజూనా?” అన్నాడు మాస్టర్.

నోరు తెరుచుకుని ఉండిపోయాడు. భార్య అతన్ని ఎగాదిగా చూసింది. పదమూడేళ్ల కాపురంలో భర్త ఇంత బాగా నటించగలడని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

మాత్రలు ఇవ్వనంది డాక్టరమ్మ. ఈ లివర్‌తో అవి మింగితే గోరు సంగతి దేవుడెరుగు, మనిషికే ముప్పంది. పూతమందు రాసిచ్చింది. ముందు తాగుడు మానాలి, స్కాన్ తీయించాలి, మిగతావి తర్వాత అంది.

ఇంటికి రాగానే భార్య సంచి సర్దింది. కాసేపటికి, జబ్బు మనిషిని వదిలేసి ఎక్కడికి పోతానంటూ ఏడుస్తూ అన్నీ తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. ఆ ఏడుపుకి మాస్టర్‌కీ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మంచినీళ్లు తాగాడు.

ఆమె తమ్ముణ్ణి పిలిచి నాలుగు బుద్ధి మాటలు చెప్పమంది. ఉపన్యాసాలకు పెట్టింది పేరైన మనిషి ఆ రోజెందుకో రిపోర్టు తీసుకుని కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చదివాడు.

“ఇక నుంచి రోజూ బావని నీతోపాటు వాకింగ్‌కి తీసుకెళ్లు. నీ వెంట ఉంటేనైనా బాగుపడతాడు,” అని ఆమె ఇద్దర్నీ బయటికి పంపించింది.

వీధి చివర బావమరిది రోజూ ఎడమవైపు, బ్రాందీషాపు సందులోకి తిరుగుతాడు. ఆ రోజు తిరగకుండా నిలబడిపోయాడు.

“బావా, మానేస్తే ఆ లివర్ బాగుపడుతుందందా డాక్టరమ్మ?”

“ఇప్పుడు మానేస్తే బాగుపడొచ్చంది.”

బావమరిది తల ఊపాడు. మాస్టర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“రేపు పొద్దున్నే మళ్లీ ల్యాబ్‌కి పోదాం, ఈసారి నా పేరు మీద నా రక్తమే ఇస్తాను, నీది నీ పేరు మీద ఇవ్వు.”