మిలిటరీ ఆనందబాబు

ఆనందబాబు మైకు ముందుకెళ్ళి నిలబడగానే కరుణాకుమారి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ప్రభువా, ఈ ఒక్కరోజు మా ఆయన నోట నిజం పలికించు తండ్రీ.

నెల్లూరులో ఆ హాలు కిటకిటలాడుతోంది. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళ మెదడు ఆరోగ్యం మీద పరిశోధన పెంచడానికి ఢిల్లీలో ఒక బిల్లు పెట్టారు. బాంబు దెబ్బ తలలోపల ఏం పాడు చేస్తుందోనని ఇన్నాళ్ళకు పెద్దలకు అనుమానం వచ్చింది మరి. ఆ బిల్లు మీద వేసిన కమిటీ ఊరూరూ తిరిగి బాధపడుతున్నవాళ్ళ మాట వింటోంది. ఇక్కడ నోరు విప్పి చెప్పుకుంటే పరిశోధనలో చేర్చుకుంటారు, పెద్ద డాక్టర్లు చూస్తారు. చెప్పుకోకపోతే లేదు. అంతే సంగతులు.

ఇందుకూరుపేటలో అందరూ ఆయన్ని 'మిలిటరీ ఆనందబాబు' అంటారు. పెళ్ళయిన ఏడాదే వచ్చి అతుక్కుంది ఆ పేరు. మనిషి కూడా దానికి తగ్గట్టే మీసం మెలేసి, మిలిటరీ క్యాంటీన్ బూట్లు తొడిగి తిరుగుతాడు. ఊరికి అది చాలు. ఇంట్లో జరిగేది ఊరికేం తెలుసు?

నిద్రలో "పడుకోండి, కింద పడుకోండి" అని కేకలు. ట్యూబులైటు వేస్తే చాలు, తల పగిలిపోయే నొప్పి. మైపాడు నుంచి ఇంటికొచ్చే దారి మర్చిపోయి రొయ్యల గుంటల గట్ల మీద సాయంత్రందాకా తిరగడం. కన్నకూతురు ఏంజెలిన్ ఎదురుగా నిలబడితే పేరు గుర్తురాక వెర్రిచూపులు చూడటం. ఆ పిల్ల ఆరోజు గోడవైపు తిరిగి ఏడ్చింది.

"ఇంక దాచొద్దండీ" అని కరుణాకుమారి నెలరోజులు పోరింది. చివరికి ఆయన మెత్తబడ్డాడు.

"సరేలే. నువ్వు గమ్మునుండు. నేను చెప్తా గదా."

"అంతా చెప్తారా?"

"దేవుని సాక్షిగా చెప్తా. సరేనా?"

నమ్మింది. కట్టుకున్నవాణ్ణి నమ్మక ఇంకెవరిని నమ్ముతుంది?

"చెప్పండి సార్. దెబ్బ ఎక్కడ తగిలింది?" అని అడిగాడు కమిటీ పెద్ద.

"సరిహద్దులో సార్. గుడారం పక్కనే బాంబు పడింది. రెండు రోజులు స్పృహ లేదు."

కరుణాకుమారికి ప్రాణం లేచొచ్చింది. చెప్తున్నాడు!

"ఆ తర్వాత తలనొప్పి, మతిమరుపు, అట్లాంటివి ఏమన్నా ఉన్నాయా?"

ఆనందబాబు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే, సైన్యంలో పనిచేసిన తన మామను వెంటబెట్టుకొచ్చిన సుశీల్ కుమార్ మూడో వరుసలో కనబడ్డాడు. వచ్చే ఆదివారం చర్చిలో సంఘ పెద్ద ఎన్నిక. పోటీలో ఉన్నది ఆనందబాబు, సుశీల్ ఇద్దరే. సుశీల్ ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

ఆనందబాబు గొంతు సవరించుకున్నాడు.

"అట్టాంటివేం లేవు సార్. దేవుని దయవల్ల నిక్షేపంగా ఉండాం."

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. అదీ పదిమంది ముందు, మైకులో, నవ్వుతూ కోశాడు.

కరుణాకుమారి గబుక్కున లేచి నిలబడింది. "సార్... అది... ఆ..." అనవలసిన మాట నాలుక చివరే ఉంది. రానంటే రానంది. హాలంతా ఆమెవైపే చూస్తోంది.

"మా ఆడమనిషి సార్. కొంచెం భయస్తురాలు" అన్నాడు ఆనందబాబు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"కూర్చోండమ్మా, కంగారేం లేదు" అన్నాడు కమిటీ పెద్ద. ఆ పైన ఆనందబాబుకు చేతులు జోడించి "మీలాంటి ధైర్యవంతులు క్షేమంగా ఉంటే దేశానికి అదే పదివేలు" అన్నాడు. చప్పట్లు మోగాయి. సిగ్గులేని మనిషి, వంగి మరీ అందుకున్నాడు.

బయట వరండాలోకి వచ్చాక గానీ ఆమెకు మాట పెగల్లేదు.

"ఎందుకట్టా చేసినారు?"

"ఆ సుశీల్‌గాడు వీడియో తీస్తావుండాడు, చూళ్ళేదా? తలజబ్బు కొంపని తెలిస్తే నన్ను సంఘ పెద్దను చేస్తారా ఎవురన్నా? ఇన్నేళ్ళు ఓర్చుకున్నాం. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటే ఏం పోయింది?"

"ఓర్చుకునేదెవురు?"

ఇంతలో మెట్ల దగ్గర కేక వినబడింది.

"ఫొటోకి రండి! సైన్యంలో పనిచేసినవాళ్ళంతా ముందుకి రావాలి!"

ఆనందబాబు చేతిలో సంచీ ఆమెకు అందించి, మీసం దువ్వుకుంటూ వెళ్ళి ముందు వరుసలో నట్టనడుమ నిలబడ్డాడు. కరుణాకుమారి రెండడుగులు వేసింది. కళ్ళనీళ్ళకు మెట్లు మసగ్గా కనిపించాయి.

"ఇంటావిడలు కొంచెం పక్కకు జరగండమ్మా" అన్నాడు ఫొటోగ్రాఫరు.

సరిహద్దు ఆసుపత్రి గుడారంలో జవాన్లకు కట్లు కడుతూ ఆ బాంబుకు తల దెబ్బ తిన్న మిలిటరీ నర్సు, కెప్టెన్ కరుణాకుమారి, రొయ్యల మేత అమ్ముకునే మొగుడి సంచీ పట్టుకుని పక్కకు జరిగింది.